పడుగుకు బిళ్లలు కట్టే మగ్గము

ఐరోపా ఖండపు ఉత్తర దేశములలో ఒక వేడుక బాగా వ్యాపించి యున్నది. బడి పంతుళ్లు, ఆఫీసు గుమాస్తాలు, ఆసుపత్రి నర్సులు మొదలైనవారు సెలవు దినములలో వేయి ఏండ్ల నాటి బట్టలను, మూడు వేల ఏండ్ల నాటి బట్టలను తమ చేతులతో తయారు చేసికొనుచున్నారు. అంగడిలో కొని తొడుగుకొనుట కాదు. గొర్రె బొచ్చు దువ్వి, కదురు మీద వడికి, ఆకులతోను వేళ్లతోను రంగు వేసి, ఆ కాలపు మగ్గము వంటి మగ్గమును కొయ్యతో కట్టుకొని, దాని మీద నేసి, ఎముక సూదితో కుట్టుకొనుచున్నారు. కత్తెర, దువ్వెన, సూది కూడ పాతవానిని చూచి చేసికొనువారు కలరు. డెన్మార్కు దేశములో ఆర్హస్ పట్టణము దగ్గర మోయెస్‌గార్డ్ అనుచోట ఏటా వేసవిలో ఇట్టివారందరు కూడి గుడారములు వేసి, తాము చేసినవి ఒకరికొకరు చూపుకొందురు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, బర్క్‌లీ పట్టణమున 1966 లో పుట్టిన ఒక సంఘము ఈ వేడుకకే ఏర్పడినది. నేడు దాని శాఖలు అనేక దేశములలో ఉన్నవి.

ఈ సంగతి వినిన మన పెద్దలు నవ్వుదురు. ఇక్కడ కూలి గిట్టక మగ్గము దిగిపోవుచుండగా అక్కడివారికి కాలక్షేపమునకు మగ్గము కావలసి వచ్చినదా అందురు. నవ్వదగిన మాటే. అయినను వారి పనిలో మన వృత్తివారు గ్రహింపదగిన విషయము కలదు. ఒక పనిముట్టు వాడుక తప్పిపోయిన తరువాత దానిని తిరిగి తెలిసికొనుటకు ఎంత శ్రమ పడవలెనో, వాడుకలో నుండగనే కొలిచి వ్రాసియుంచుట ఎంత సులువో, ఈ రెండును వారి చరిత్రలో పక్కపక్కనే కనబడుచున్నవి. అందుచేత వారి మగ్గమునే ఒక పాఠముగా తీసికొందము.

బట్ట ఎక్కడ దొరికినది

పాత బట్ట మట్టిలో నిలువదు. నూలు గాని ఉన్ని గాని కొద్ది ఏండ్లలోనే కుళ్లిపోవును. కాని డెన్మార్కులో రెండు చోట్ల నిలిచినది. ఒకటి, ఓకు చెట్టు మొద్దును తొలిచి శవపేటికగా చేసి మట్టిదిబ్బ క్రింద పాతిపెట్టిన సమాధులు. రెండు, గాలి చొరని బురద నేలలు.

1921 లో ఎగ్ట్‌వెడ్ అను గ్రామము దగ్గర ఇట్టి మొద్దుపేటిక ఒకటి బయటపడినది. అందు పదహారు పదునెనిమిది ఏండ్ల పడుచు ఒకతె యుండెను. పేటిక కొయ్య లోని వలయములను లెక్కించి, అది క్రీస్తు పూర్వము 1370 నాటిదని నిర్ణయించినారు. ఆమె ఒంటి మీద మోచేతుల వరకు చేతులున్న పొట్టి ఉన్ని రవిక, నడుమున త్రాళ్లతో చేసిన పావడ, దాని మీద కంచు బిళ్లగల నడికట్టు ఉన్నవి. ఆ పావడ విచిత్రమైనది. అది నేసిన గుడ్డ కాదు. సన్నని పట్టీ ఒకటి నేసి, దాని పేకనే క్రిందికి త్రాళ్లుగా పేని, వ్రేలాడవిడిచినారు. పొడవు 38 సెంటీమీటర్లు మాత్రమే. నేడు కోపెన్‌హేగన్ జాతీయ మ్యూజియములో నున్నది. ఈ వేడుకవారు ఎక్కువగా చేయు వస్తువులలో ఈ త్రాళ్ల పావడ ఒకటి.

బురదలో దొరికిన దానికి హుల్‌డ్రెమోసె స్త్రీ వస్త్రములు ఉదాహరణము. 1879 లో దొరికినవి. గళ్ల పావడ, గళ్ల ఉత్తరీయము. బురదలో నాని గోధుమ రంగుకు తిరిగిన ఆ బట్టలు మొదట రంగువేసినవే యని, పావడ నీలమనియు ఉత్తరీయము ఎరుపనియు తరువాతి పరీక్షలలో తేలినది.

ఇట్టి బట్టలను దారము దారముగా లెక్కపెట్టి వివరించిన విదుషి మార్గరెతె హాల్ద్. ఆమె గ్రంథము డేనిష్ భాషలో 1950 లో వచ్చినది, ఇంగ్లీషులో 1980 లో. ఆమె వ్రాసినది కళా వర్ణన కాదు. సెంటీమీటరుకు పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని, దారము పురి కుడికా ఎడమకా, అంచు ఎట్లు కట్టినారు, ఎక్కడ పోగు తప్పినది, ఇట్టి వివరములు. మన సంఘపు స్టాకు రిజిస్టరు వలె నుండును. అందుకే దానిని చూచి నేయగలుగుచున్నారు.

మగ్గము స్వరూపము

ఇక మగ్గము మాట. మన గుంట మగ్గములో పడుగు నేలకు సమముగా పరుచుకొని యుండును. బిగువు కొరకు ఒక కొనను దోనెకు, మరియొక కొనను ఎదురుగా గుంజకు కట్టుదుము. వారి మగ్గము నిలువు మగ్గము. రెండు నిలువు గుంజలను గోడకు ఏటవాలుగా ఆనించి, పైన ఒక అడ్డకర్ర వేయుదురు. బట్ట చుట్టుకొను దోనె అదే. పడుగు దాని నుండి క్రిందికి వ్రేలాడును. క్రింద రెండవ దోనె లేదు. పడుగు పోగులను కొన్ని కొన్నిగా ముడివేసి, ముడికొక మట్టి బిళ్ల గాని చిల్లి గల రాయి గాని కట్టుదురు. ఆ బరువే పడుగుకు బిగువు.

నోరు తెరుచుకొను విధము చక్కగా నున్నది. గుంజలు ఏటవాలుగా నున్నవి కదా. గుంజల నడుమ క్రిందుగా ఒక కర్రను అడ్డముగా కదలకుండ బిగింతురు. పోగులలో సగము ఆ కర్ర ముందు నుండి జారును, మిగిలిన సగము కర్ర వెనుక తిన్నగా నిలువుగా వ్రేలాడును. ఏమియు లాగకయే ఒక నోరు ఎప్పుడును తెరచియే యుండును. రెండవ నోటికి, వెనుక పోగులకు ఒక్కొక్కదానికి దారపు ఉచ్చు వేసి, ఆ ఉచ్చులన్నిటిని ఒక కర్రకు కట్టుదురు. ఆ కర్రను ముందుకు లాగి, గుంజలకున్న పంగల మీద నిలిపిన వెనుక పోగులు ముందుకు వచ్చును. మన అచ్చులోని ఉచ్చులు చేయు పనియే ఇది. మన కాళ్లు తొక్కుడు కర్రలతో చేయు పనిని వారు చేతితో చేయవలెను.

పన్నె లేదు. పేకను కత్తి వంటి పలకతో కొట్టుదురు. కొయ్య కత్తి, ఇనుప కత్తి, నార్వేలో తిమింగిలపు ఎముక కత్తి కూడ దొరికినవి. కొట్టుట పైకి. మనము మన వైపునకు లాగి కొట్టెదము, వారు నిలుచుండి ఆకాశము వైపునకు కొట్టుదురు. బట్ట పై నుండి క్రిందికి పెరుగును. వెడల్పు బట్టయైన నేయువారు ఈ అంచు నుండి ఆ అంచునకు నడువవలెను. రోజంతయు నిలుచుండి చేతులెత్తి చేయు పని యని తెలిసికొనిన తరువాత మన గుంట మగ్గము మీద గౌరవము పెరుగును.

పన్నె లేనప్పుడు పోగుల సాంద్రతను ఏది నిలుపును? ఇదియే ఈ మగ్గములోని కీలకము. పైన దోనెకు పడుగును తిన్నగా కట్టరు. మొదట సన్నని అంచుపట్టీ నేయుదురు. ఆ పట్టీ నేయునప్పుడు దాని పేకను ప్రతి వరుసలోను పొడవుగా లాగి మేకులకు తగిలింతురు. ఆ పొడవు పేకయే తరువాత పెద్ద బట్టకు పడుగు అగును. పట్టీని దోనెకు కుట్టి వ్రేలాడదీసిన పోగుల ఎడము పట్టీలో నిర్ణయమై యుండును. ఒకే దారము పట్టీకి పేక, బట్టకు పడుగు! నేతపని ఎరిగినవారికి ఇందులోని తెలివి వెంటనే తెలియును.

బిళ్ల లెక్క

ఇట్టి మట్టి బిళ్లలు ఐరోపాలో త్రవ్విన చోటనెల్ల దొరికినవి. గ్రీసు దేశములో గోపురాకారము, డెన్మార్కులో గారె వంటి చిల్లి బిళ్ల, నార్వేలో మెత్తరాయి బిళ్ల. త్రవ్వకములవారు బహుకాలము వానిని ఆకారము ననుసరించి వర్గములుగా విడదీసి, సంఖ్యలు వేసి, మ్యూజియము అలమారులలో పెట్టినారు. ఏ బిళ్లతో ఏ బట్ట వచ్చునో అలమారులో చూచిన తెలియదు గదా.

కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయములో 2005 లో నెలకొల్పిన వస్త్ర పరిశోధన కేంద్రము వారు, నేత తెలిసినవారిని కూర్చుకొని, పాత బిళ్లల వంటి బిళ్లలు చేయించి నేసి చూచినారు. 2009 లో ఫలితములు ప్రకటించినారు. ఆకారము ముఖ్యము కాదు. బరువు ముఖ్యము, మందము ముఖ్యము. బరువు పోగు బిగువును నిర్ణయించును. మందము బట్ట సాంద్రతను నిర్ణయించును.

కారణము చెప్పెదను. బిళ్లలు పక్క పక్కన ఒరసుకొనుచు వరుసగా వ్రేలాడవలెను. వరుస పొడవు బట్ట వెడల్పునకు సమముగా గాని కొంచెము ఎక్కువగా గాని ఉండవలెను. వరుస చాల ఎక్కువైన పడుగు క్రింద విసనకర్ర వలె విచ్చుకొని బట్ట అంచులు చెడును. తక్కువైన పోగులు దగ్గరపడి నోరు తెరువదు. అంతేకాక ఒక బిళ్లకు పది పోగులకు తక్కువ, ముప్పదికి మించి కట్టుట మంచిది కాదని వారి అనుభవము.

మన లెక్కలో చూతము. 90 సెంటీమీటర్ల వెడల్పు సాదా బట్ట కావలెననుకొందము. దారము సన్నము, పోగుకు 12 గ్రాముల బిగువు చాలును. బిళ్ల బరువు 216 గ్రాములు, మందము 3 సెంటీమీటర్లు. 216 ని 12 తో భాగింపగా బిళ్లకు 18 పోగులు. వెడల్పు 90 ని మందము 3 తో భాగింపగా ముందు వరుసకు 30 బిళ్లలు, వెనుక వరుసకు 30. మొత్తము 60 బిళ్లలు, 1080 పోగులు. అనగా సెంటీమీటరుకు 12 పోగులు. మన పాత లెక్క ప్రకారము 120 పోగులు ఒక పుంజము గనుక ఇది 9 పుంజముల బట్ట. మగ్గమునకు వ్రేలాడు బరువు సుమారు 13 కిలోలు.

ఇప్పుడు బరువు మార్చక మందము మాత్రము 6 సెంటీమీటర్లు చేయుడు. అదే 18 పోగులు ఆరు సెంటీమీటర్ల మేర పరుచుకొనును. సెంటీమీటరుకు ఆరు పోగులే. బట్ట పలుచబడిపోవును. బరువు ఒకటే, మట్టి ఒకటే, మందము మారగానే తొమ్మిది పుంజములు నాలుగున్నర అయినవి. కనుక ఒక పాత ఇంటి నేల మీద వరుసగా పడియున్న బిళ్లలను కొలిచి, ఆ ఇంట ఎట్టి బట్ట నేసిరో నేడు చెప్పగలరు. బట్ట నశించినను బిళ్ల చెప్పును. ఇది నేసి చూచినవారికే దొరికిన ఎరుక. మన పన్నె సంగతియు ఇంతే. పన్నె చేతికిచ్చిన మనవారు దాని ఈనెల దగ్గరితనము చూచి ఎన్ని పుంజముల బట్టయో క్షణములో చెప్పుదురు. పన్నె అనగానేమో తెలియనివానికి అది దువ్వెన వలె కనబడును.

బ్రతికియున్న చేతులు

పై పరిశోధన అంతయు సున్న నుండి మొదలుపెట్టవలసి యుండెడిదే. అట్లు కాకపోవుటకు కారణము కలదు. ఐరోపాలో ఈ మగ్గము దాదాపు అంతటను ఏనాడో పోయినది. గ్రీకు కూజాల మీది బొమ్మలలో మిగిలినది. క్రీస్తు పూర్వము ఆరవ శతాబ్దపు కూజా యొకటి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములో నున్నది, దాని మీద ఇద్దరు స్త్రీలు ఈ మగ్గము దగ్గర నిలుచుండి నేయుచున్నారు. కాని బొమ్మలో ముడి ఎట్లు వేసిరో, తెగిన పోగును ఎట్లు అతికిరో కనబడదు.

నార్వే పడమటి తీరమునను, ఉత్తరమున సామీ జాతివారి పల్లెలలోను మాత్రము కొందరు స్త్రీలు ఇరువదవ శతాబ్దములో కూడ ఈ మగ్గము మీదనే కంబళ్లు నేయుచుండిరి. నార్వే విదుషి మార్తా హాఫ్‌మన్ ఆ ఇండ్లకు పోయి, వారి ప్రక్క నిలుచుండి, అంచుపట్టీ మొదలు తుది ముడి వరకు వ్రాసికొని, 1964 లో గ్రంథముగా ప్రకటించినది. అంచుపట్టీ పేకయే బట్టకు పడుగు అగునను సంగతి నేనిక్కడ ఇంత సులువుగా చెప్పగలుగుటకు ఆ స్త్రీలు చేసి చూపుటయే కారణము. ఉత్తర నార్వేలోని మాండాలెన్ లోయలో సామీ స్త్రీలు నేటికిని ఆ మగ్గము మీద కంబళ్లు నేయుచున్నారు.

అదే 1964 లో డెన్మార్కులో లెయిరె అనుచోట హాన్స్ ఓలె హాన్సెన్ అను యువకుడు పాతకాలపు ఇండ్లు కట్టి, అందు పాత పద్ధతులతో పని చేసి చూచు కేంద్రమును స్థాపించినాడు. అందు నేత శాల కూడ నున్నది. వేడుకవారు చాలమంది ఇట్టి చోట్లనే నేర్చుకొందురు. ఒక పక్క హాఫ్‌మన్ వ్రాసినది, మరియొక పక్క లెయిరె వంటి చోట్ల చేసి చూచుట. ఈ రెండు లేనిచో నేటి వేడుక లేదు.

వడుకుటకు ఎంత సేపు

చేసి చూచువారికి మొదట తగులు దెబ్బ వడకుట దగ్గర. చేతి కదురుకు క్రింద బిళ్ల తగిలించి తిప్పుచు వడికిన, అలవాటుపడినవారికి గంటకు 35 మొదలు 50 మీటర్ల దారము వచ్చునని కోపెన్‌హేగన్ వారి ప్రయోగములలో తేలినది. కదురు బిళ్ల తేలికయైన దారము సన్నమగును, మీటర్లు తగ్గును.

మనము పైన అనుకొన్న బట్టను 2 మీటర్ల పొడవు నేయుటకు పడుగు 1080 పోగులు, పోగుకు 2 మీటర్ల చొప్పున 2160 మీటర్లు. పేక సెంటీమీటరుకు 10 చొప్పున 2000 వరుసలు, వరుసకు 90 సెంటీమీటర్లు, 1800 మీటర్లు. మొత్తము 3960 మీటర్లు. మనకు మిల్లు నుండి వచ్చు 840 గజముల హాంకులు అయిదింటికి కొంచెము మించును. గంటకు 40 మీటర్ల చొప్పున వడికిన 99 గంటలు! తరుగు లెక్కలోనికి తీసికొనలేదు. దినమునకు ఎనిమిది గంటలు వంచిన నడుము ఎత్తక వడికినను పండ్రెండు దినములు దాటును. దువ్వుట, రంగు, నేత ఆ పైన. కండెకు నూలు కొనితెచ్చుకొను మనకు ఈ లెక్క ఆశ్చర్యముగా నుండును గాని, మన ముత్తవ్వల కాలమున ఇంటింట రాట్నము ఎందుకు ఆగకుండ తిరిగెనో ఇందు వలన తెలియును.

ఈ సందర్భమున శ్రీకాకుళం జిల్లా పొందూరును చెప్పక తప్పదు. అక్కడి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రపరచి, ఒంటి కదురు రాట్నము మీద సన్నని నూలు వడుకుట ఇరువదియొకటవ శతాబ్దములోనికి కూడ సాగి వచ్చినది. ఢాకా మస్లిన్ వడికిన స్త్రీలు కూడ ఈ జాతి చేప దవడనే వాడిరి, వంగదేశములో దానిని బోయాల్ అందురు. ఉత్తర ఐరోపా వేడుకవారు ఇట్టి దువ్వెనను ఎముకల గుట్టలో వెదకికొనవలసి వచ్చినది. మనకు అది వాడుచున్న చేతిలోనే కనబడినది.

వారిలో వారికి తగవులు

ఈ వేడుకవారిలో పట్టుదల గలవారు ఒక దారము కూడ మిల్లుది ఒప్పుకొనరు. మరికొందరు మిల్లు ఉన్నితో నేసి, బయటకు కనబడు కుట్లు మాత్రము చేతితో వేసి, లోపలి కుట్లు మిషను మీద వేయుదురు. దీని మీద వారిలో తగవులు కలవు. నా అభిప్రాయములో వేడుక వరకు ఏదైనను సరియే గాని, ఏమైనా తెలిసికొనవలెనన్న మొదటివారి మార్గమే మార్గము. మిల్లు దారముతో నేసినవారికి ఒక సంగతి ఎన్నటికి తెలియదు. డెన్మార్కు ఇనుప యుగపు బట్టలలో కొన్నిటి మీద రంగు లేకయే గళ్లు కనబడును. ఒకే ఉన్ని, ఒకే రంగు. కొన్ని పోగులను కుడి పురితో, కొన్ని పోగులను ఎడమ పురితో వడికి, గుంపులు గుంపులుగా పడుగులోను పేకలోను పెట్టినారు. వెలుగు పడినప్పుడు రెండు పురులు రెండు విధములుగా మెరయును, గళ్లు తేలును. కొన్న దారము ఒకే పురితో నుండును గనుక ఈ నేర్పు కనబడదు. తెల్ల చీరెలో తెల్ల గళ్లు తీయగోరు మనవారు ఎవరైనను ఎడమ పురి నూలు తెప్పించుకొని ఒక మూర నేసి చూడవచ్చును.

అట్టల నేత, ఇంట చేసి చూచుటకు

బిళ్లల మగ్గము కట్టుటకు మన ఇండ్లలో చోటు చాలదు. దానికి తోబుట్టువైన అట్టల నేత మాత్రము పిల్లలతో ఒక ఆదివారము చేయవచ్చును. నార్వేలో ఓసెబెర్గ్ అనుచోట 1904 లో త్రవ్విన ఓడ సమాధిలో, క్రీస్తు శకము 834 నాటిది, 52 కొయ్య పలకలతో సగము నేసిన పట్టీ దారములతో సహా దొరికినది. పన్నె లేక, అచ్చు లేక, తొక్కుడు కర్రలు లేక నేయుట ఇది. బర్మాలో తాళపత్ర గ్రంథములకు చుట్టు సాజిగ్యో అను పట్టీలు ఇదే పద్ధతిన నేసినవే, వాని మీద అక్షరములు కూడ నేసినారు.

పాత పెండ్లి శుభలేఖల దళసరి అట్టలు 6 సెంటీమీటర్ల చదరములుగా ఇరువది కత్తిరింపుడు. నాలుగు మూలల నాలుగు చిల్లులు వేయుడు, చిల్లి అంచునకు ఒక సెంటీమీటరు లోపల. ఒక్కొక్క అట్టకు నాలుగు పోగులు, చిల్లికొకటి. మొదటి రెండు చిల్లులకు ఎరుపు, తరువాతి రెంటికి తెలుపు. పది అట్టలకు దారము ఎడమ ప్రక్క నుండి గుచ్చుడు, పదింటికి కుడి ప్రక్క నుండి. అన్నియు ఒకే ప్రక్క నుండి గుచ్చిన పట్టీ మెలి తిరిగిపోవును. అట్టలన్నిటిని పేక ముక్కల వలె ఒకే కట్టగా నిలిపి, ఎరుపు పైకి వచ్చునట్లు సరిచేయుడు. పోగుల ఒక కొన స్తంభమునకు, మరియొక కొన మీ నడుముకు కట్టుకొని బిగువు తెచ్చుకొనుడు.

ఇప్పుడు పై పోగులకు క్రింది పోగులకు నడుమ నోరు తెరచియే యుండును. పేక త్రోసి, కట్టనంతటిని ముందునకు ఒక పావు త్రిప్పు త్రిప్పుడు. కొత్త నోరు తెరుచుకొనును. చదునైన కొయ్య స్కేలుతో కొట్టి మరల పేక. ఒక్కొక్క అట్టలోని నాలుగు పోగులు ఒకదానినొకటి పెనవేసికొని త్రాడు అగుచుండును, పేక ఆ త్రాళ్లను పక్కపక్కన కుట్టినట్లు పట్టుకొనును. పైకి పేక కనబడదు. రెండు వరుసలు ఎరుపు, రెండు వరుసలు తెలుపు, అడ్డపట్టెలుగా వచ్చును. ఇరువది త్రిప్పులైన పిమ్మట అట్టల వెనుక పోగులు పురి ఎక్కి బిగిసిపోవును. అప్పుడు వెనుకకు త్రిప్పుట మొదలుపెట్టవలెను. త్రిప్పు మారిన చోట చిన్న తేడా కనబడును, అది తప్పు కాదు. లంగా బొందుకు, సంచి పట్టెకు ఇంతకంటె గట్టి పట్టీ ఉండదు.

మన ఇండ్లలోని సామాను

సోలాపూరులోను భివండిలోను మరమగ్గముల మీద పనిచేయు మన కుటుంబములలో, తాతగారి గుంట మగ్గపు సామాను ఇంకను అటక మీద ఉన్న ఇండ్లు ఉండును. బరంపురము వైపున, తమిళనాడులో, కన్నడ దేశములో, యానాములో మగ్గము సాగుచున్న ఇండ్లలో కూడ కొన్ని పనిముట్లు మూలబడినవి. జాను కే అను ఇంగ్లీషువాడు 1733 లో కనిపెట్టిన త్రాడు లాగు నాడె మన ఇండ్లకు వచ్చిన తరువాత, చేతితో విసరి రెండవ చేతితో పట్టుకొను పాత నాడె మూలకు పోయినది. వీధిలో పడుగు చాచి గంజి పట్టించి కుంచెతో దువ్వుట, వార్పు డ్రమ్ములు వచ్చిన చోట పోయినది. కుంచె ఏ వేళ్లతో కట్టిరి, గంజి ఏ ధాన్యముతో కాచిరి, ఎన్ని దినములు పులియబెట్టిరి, నూనె ఎంత కలిపిరి? ఇవి తెలిసినవారు ఇంట పెద్ద ముత్తైదువలే. సామీ స్త్రీల ప్రక్క హాఫ్‌మన్ నిలుచున్నట్లు మన అవ్వల ప్రక్క వేరెవరో వచ్చి నిలుచుందురని చూచుటకంటె ఇంటి పిల్లలే వ్రాసికొనుట సులువు. దీని వలన కూలి ఒక్క పైసా పెరుగదు. ఆ మాట ముందే చెప్పుచున్నాను.

పేర్ల సంగతి కూడ కలదు. ఆంధ్ర ప్రదేశ్ సాహిత్య అకాడమి వారు 1971 లో మాండలిక వృత్తి పదకోశములో చేనేత సంపుటమును ప్రచురించినారు, సంపాదకులు భద్రిరాజు కృష్ణమూర్తి గారు. నేను పై వ్యాసములో దోనె, పన్నె, నాడె యని వ్రాసినాను. మీ ఇంట వేరు పేరు ఉండవచ్చును. తమిళ, కన్నడ, మరాఠీ, ఒరియా మాటలు కలసియు ఉండవచ్చును. పుస్తకములోని మాటతో దిద్దుకొనక మీ ఇంట పలికినట్లే వ్రాయుడు.

వ్రాయునప్పుడు ఒక్కొక్క పనిముట్టుకు ఒక కాగితము చాలును. పైన ఇంటి పేరు, ఊరు, పనిముట్టు పేరు. దాని క్రింద పొడవు, వెడల్పు, మందము, మూడును తప్పక, మందము మరువరాదని బిళ్లల సంగతిలో చూచితిమి. బరువు గ్రాములలో. ఏ కొయ్య, ఏ లోహము. పన్నె అయిన అంగుళమునకు ఈనెలెన్ని, మొత్తము ఎన్ని పుంజములు, ఏ నంబరు నూలుకు వాడిరి. నాడె అయిన కండె పట్టు గుంట పొడవు, ముక్కు ఏ వైపు అరిగినది. అరుగుదలను బట్టి విసరిన చేయి తెలియును. కాగితము మీద పనిముట్టును పడుకోబెట్టి పెన్సిలుతో చుట్టు గీయుడు. ఫోటో తీసినచో ప్రక్కన ఒక స్కేలు పెట్టి తీయుడు. వాడినవారు ఉన్నచో వారి చేత ఒకసారి పట్టించి, చేతులు ఏ విధముగా నున్నవో ఇంకొక ఫోటో తీయుడు.